మృతకణము చెప్పు సాక్ష్యము

1962 వ సంవత్సరమున ఇటలీ దేశస్థుడగు ఫెరూచియో రిటోసా అను శాస్త్రజ్ఞుడు, పండ్లపై ముసురు చిన్న ఈగల పిల్లపురుగులనుండి తీసిన లాలాజలగ్రంథుల క్రోమోజోములను సూక్ష్మదర్శినిలో పరిశీలించుచుండగా, మునుపెన్నడును కానరాని తావుల ఉబ్బులు పొడసూపుట గమనించెను. ఉష్ణోగ్రతను నియమించు పెట్టెను ప్రయోగశాలలో నెవరో కదల్చి వేడిమి పెంచియుండిరి. క్రోమోజోము ఉబ్బిన చోట జన్యువులు మేల్కొని పనిచేయుచున్నవని అర్థము. అవి ఏమి తయారుచేయుచున్నవో తెలియుటకు మఱి పండ్రెండేండ్లు పట్టెను. 1974 లో కాలిఫోర్నియాయందు ఆల్ఫ్రెడ్ టిస్సియేర్, హెర్షెల్ మిచెల్ ప్రభృతులు, వేడికి లోనైన ఆ గ్రంథులలో కొన్ని ప్రత్యేక ప్రోటీనులు విస్తారముగా పుట్టుచున్నవని తేల్చిరి. వానికే ఉష్ణాఘాత ప్రోటీనులని పేరు.

ప్రోటీను అనునది అమినో ఆమ్లముల శృంఖల. అది తనకు నియతమైన ఆకృతిలో ముడుచుకొన్ననాడే దానికి కార్యసామర్థ్యము కలుగును. వేడిమి తగిలిన గ్రుడ్డులోని తెల్లసొన గడ్డకట్టినట్లే, ముడుపు చెడిన ప్రోటీనులు ఒండొంటిని అంటుకొని ముద్దలై కణమునకు ప్రాణాపాయము తెచ్చును. అట్లు విడివడుచున్న శృంఖలలను పట్టుకొని, మరల సరియైన ముడుపునకు తెచ్చుట ఉష్ణాఘాత ప్రోటీనుల వృత్తి. వేడిమియే గాక, ప్రాణవాయువు కొఱవడుటయు, విషపదార్థములు సోకుటయు వీని ఉత్పత్తిని పెంచును. బాక్టీరియా మొదలు మనుష్యునివఱకు ఇవి స్వల్పభేదములతో వ్యాపించియున్నవి.

ఇట్లు కణము లోపల మెలగు ప్రోటీనునకును, దేహమందలి రోగనిరోధక వ్యవస్థకును సంబంధమేమి? సమాధానము క్యాన్సరు పరిశోధనలనుండి, ఎవ్వరును ఊహింపని త్రోవలో వచ్చెను. రసాయనములచే ఎలుకలలో కంతులు పుట్టించి, కంతిని కోసివేసిన పిమ్మట అదే కంతి కణములను తిరిగి ఎక్కించినచో ఎలుక వానిని తిరస్కరించుననియు, వేఱొక కంతి కణములను తిరస్కరింపజాలదనియు 1957 లో అమెరికాయందు ప్రెన్, మెయిన్ అనువారు చూపిరి. అనగా ప్రతి కంతికిని దేహము గుర్తుపట్టగల స్వకీయమైన ఆనవాలు ఒకటి కలదు.

ఆ ఆనవాలును వెదకినవారిలో ప్రమోద్ శ్రీవాస్తవ ముఖ్యుడు. అలహాబాదులో చదివి, హైదరాబాదునందలి సి.సి.ఎం.బి. అను జీవశాస్త్ర పరిశోధనాసంస్థలో ఎలుకల కాలేయపు కంతిపై పరిశోధించి డాక్టరేటు పొంది, ఈ ప్రశ్నను వెంటబెట్టుకొనియే ఆయన అమెరికాకు వెళ్లెను. ఇంతటి విషయమునకు మన హైదరాబాదులో కొంత పునాది పడినదని తలచినపుడు నా మనస్సు ఉప్పొంగును. కంతి కణములను చిదిపి, అందలి పదార్థములను వేఱుపఱచి, ఏ భాగము ఎలుకను కాపాడునో పరీక్షించుచు పోగా, 1986 నాటికి జీపీ96 అను ప్రోటీను చేతికి చిక్కెను. తీరా చూడగా అది ఉష్ణాఘాత ప్రోటీనుల కుటుంబములోనిది! అన్ని కణములలోను ఒకే రూపమున నుండు ఈ ప్రోటీను, ఏ కంతినుండి తీసిన ఆ కంతినుండి మాత్రమే రక్షణ నిచ్చుట ఎట్లు పొసగును? దానికి తగిలియున్న చిన్న ప్రోటీను తునకలే, అనగా పెప్టైడులే, ఆ ఆనవాలని శ్రీవాస్తవ భావించెను. 1993 లో ఉడోనో అను సహచరునితో గూడి ఆయన, కంతినుండి హెచ్.ఎస్.పి.70 అను మఱియొక ఉష్ణాఘాత ప్రోటీనును శుద్ధిచేసి, దానికి ఏ.టి.పి. అను రసాయనమును చేర్చెను. ఏ.టి.పి. తగులగానే ఆ ప్రోటీను తన పట్టు సడలించి పెప్టైడులను విడిచిపెట్టును. అట్లు రిక్తమైన ప్రోటీను ఎలుకను ఏమాత్రమును కాపాడలేకపోయెను. ఈ శాస్త్రమున ఇంత సరళముగను, ఇంత నిర్ణాయకముగను ఉన్న ప్రయోగములు అరుదు.

గాయముచేతనో వైరసుచేతనో కణము పగిలి చచ్చినపుడు, అందలి ఉష్ణాఘాత ప్రోటీనులు పెప్టైడులతో సహా వెలికి వచ్చును. రోగనిరోధక వ్యవస్థకు చెందిన డెండ్రిటిక్ కణములును, మాక్రోఫేజులును సి.డి.91 వంటి గ్రాహకములద్వారా వానిని లోనికి గ్రహించి, ఆ పెప్టైడులను తమ ఉపరితలమున ప్రదర్శించును. వానిని చూచి మేల్కొన్న టి-కణములు, అదే పెప్టైడును ధరించిన రోగకణములను వెదకి సంహరించును. ఆరోగ్యవంతమైన కణము ఈ ప్రోటీనులను సామాన్యముగా లోపలనే దాచుకొనును గనుక, అవి వెలుపల కనబడుటయే దేహమునకు అపాయసూచన.

అయితే ఈ ప్రోటీనులు తామంతట తామే నిరోధక కణములను రెచ్చగొట్టునన్న వాదమును కొంత జాగ్రత్తతో గ్రహింపవలెను. బాక్టీరియాలలో తయారుచేయించిన ప్రోటీనులతో జరిపిన కొన్ని ప్రయోగములలో, వానితో కలిసివచ్చిన బాక్టీరియా మలినములే ఆ పని చేసినవని తరువాత బయటపడినది. ఇంకొక చిక్కును కలదు: క్షయ, కుష్ఠు క్రిముల ఉష్ణాఘాత ప్రోటీనులను మన దేహము తీవ్రముగా ఎదిరించును. అవి మన ప్రోటీనులను పోలియుండుటచే, ఆ పోరాటము స్వదేహముపైకి మరలునేమో యన్న శంక కూడ కలదు.

శ్రీవాస్తవ సిద్ధాంతము ఆధారముగా, ప్రతి రోగి కంతినుండియు జీపీ96 ను తీసి, ఆ రోగికే టీకాగా ఇచ్చు పద్ధతిని మూత్రపిండపు క్యాన్సరులో 800 మందికి పైగా రోగులతో పరీక్షించిరి. మొత్తముమీద చూడగా, వ్యాధి మరల తలయెత్తుటను అది తగ్గించినట్లు కానరాలేదు. అయినను 2008 లో రష్యా దానికి అనుమతి నిచ్చెను. నా అభిప్రాయమున సిద్ధాంతము గట్టిది. ఔషధము మాత్రము ఇంకను సిద్ధము కాలేదు.