డ్రిల్లు పీరియడు తీసేస్తే మార్కులు పెరుగుతాయా?

పరీక్షలు దగ్గరపడ్డాయంటే చాలా బడుల్లో మొట్టమొదట వేటు పడేది డ్రిల్లు పీరియడు మీదే. ఆ గంటను లెక్కల మాస్టారికో, ఇంగ్లీషు మాస్టారికో అప్పగిస్తారు. ఇంటిదగ్గర తల్లిదండ్రులదీ అదే వరస. పిల్లవాడు వీధిలో చెడుగుడు ఆడుతూ కనిపిస్తే చాలు, చదువు అటకెక్కిందంటూ చెవి పట్టుకుని ఇంట్లోకి తీసుకుపోతారు. ఆడపిల్లల సంగతి చెప్పనే అక్కరలేదు. పెద్దమనిషి కాగానే తొక్కుడుబిళ్ల సైతం మానిపించే ఇళ్లున్నాయి. మేలు కోరి చేస్తున్న ఈ పని పిల్లలకు నిజంగా మేలు చేస్తున్నదా అన్నది ఆలోచించవలసిన విషయం.

సరిగ్గా ఈ ప్రశ్నకే జవాబు వెతుకుతూ 1970వ దశకంలో కెనడా దేశపు క్విబెక్ రాష్ట్రంలో ఒక ప్రయోగం జరిగింది. త్రోయ్ రివియేర్ అనే పట్టణంలో ఒక బడిని, పోన్ రూజ్ అనే పల్లెలో మరొక బడిని ఎంచుకున్నారు. మొత్తం పిల్లలు 546 మంది. వీరిలో కొన్ని తరగతులవారికి ప్రాథమిక విద్య పూర్తయ్యే వరకు రోజుకొక గంట చొప్పున వ్యాయామం నేర్పించారు. వారికి ముందు, వెనుక ఉన్న తరగతులవారికి మామూలు పద్ధతినే ఉంచారు. వ్యాయామానికి కావలసిన గంటను పాఠాల సమయం నుంచే తీసుకున్నారు. ఆ విధంగా పాఠాలు సుమారు 13 శాతం తగ్గాయి. అయినా మార్కులు పడిపోలేదు సరికదా, రెండవ తరగతి నుంచి మిగతావారికన్నా మెరుగ్గా వచ్చాయి. అన్ని సబ్జెక్టులలోనూ ఆధిక్యం రాకపోయినా, ఆటల వల్ల చదువు దెబ్బతింటుందన్న భయం మాత్రం తీరిపోయింది.

దీనికి కారణం లేకపోలేదు. మనిషి బరువులో మెదడు 2 శాతమే అయినా, శరీరం వాడుకునే ప్రాణవాయువులో దాదాపు 20 శాతం దానికే కావాలి. పరుగెత్తినప్పుడు, చురుకుగా నడిచినప్పుడు గుండె వేగంగా కొట్టుకుని మెదడుకు రక్తం బాగా అందుతుంది. మెదడు కణాల ఎదుగుదలకు తోడ్పడే ఒక రకం ప్రొటీను కూడా ఎక్కువగా తయారవుతుంది. జ్ఞాపకశక్తికి ఆయువుపట్టయిన భాగాన్ని హిప్పోక్యాంపస్ అంటారు. ఏడాదిపాటు క్రమం తప్పకుండా నడిచిన వృద్ధులలో ఈ భాగం 2 శాతం పెరిగినట్లు అమెరికాలో 2011లో వెలువడిన పరిశోధన తేల్చింది. ఆ దేశంలోనే ఇల్లినాయ్ విశ్వవిద్యాలయం వారు 2009లో చిన్నపిల్లలను పరీక్షించారు. 20 నిమిషాలు నడిచాక పరీక్ష రాసినప్పుడు, ఊరికే కూర్చుని రాసినప్పటికన్నా ఏకాగ్రత, చదివినది అర్థం చేసుకునే శక్తి మెరుగ్గా కనిపించాయి.

అలాగని ఆడినంత మాత్రాన మార్కులు వచ్చిపడవు. పుస్తకం తెరవక తప్పదు. ఖాళీ కడుపుతో పరుగులు పెట్టించడం, మిట్టమధ్యాహ్నం ఎండలో కసరత్తు చేయించడం మంచిది కాదు. రక్తహీనతతో నీరసపడే పిల్లలకు ముందు వైద్యం చేయించాలి.

5 నుంచి 17 ఏళ్ల పిల్లలకు రోజుకు సగటున 60 నిమిషాల చురుకైన కదలిక ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించింది. దీనికి పైసా ఖర్చు అక్కరలేదు. బడికి నడిచి వెళ్లడం, సైకిలు తొక్కడం కూడా ఈ లెక్కలోకే వస్తాయి. సాయంత్రం ఖోఖో, చెడుగుడు, తాడాట ఉంటే మిగతాది పూర్తవుతుంది. పరీక్షల రోజుల్లో గంటల తరబడి చదివే పిల్లలు మధ్యలో పుస్తకం మూసి పది నిమిషాలు నడిచి వస్తే మళ్లీ మనసు నిలుస్తుంది.

2009 నాటి విద్యాహక్కు చట్టం ప్రకారం ప్రతి బడికీ ఆటస్థలం ఉండాలి. పాఠశాల యాజమాన్య కమిటీలో నాలుగింట మూడు వంతుల మంది తల్లిదండ్రులే ఉండాలని కూడా ఆ చట్టమే చెబుతున్నది. ఆటస్థలం ఆక్రమణకు గురైందా, ముళ్లకంపలతో నిండిందా, డ్రిల్లు పీరియడు సక్రమంగా జరుగుతున్నదా అని కమిటీ సమావేశంలో అడిగే హక్కు వారికి ఉంది. ఈసారి సమావేశంలో మార్కుల సంగతితోపాటు మైదానం సంగతినీ తల్లిదండ్రులు ప్రస్తావించడం అవసరం.