ఓడ దిగాక ఎనిమిది గంటలు

లా స్పెజియా రేవులో ఓడ ఆగేసరికి పొద్దున ఏడో, ఎనిమిదో అవుతుంది. సాయంత్రం లంగరెత్తేలోగా అందరూ మళ్లీ ఎక్కేయాలి. మధ్యలో దొరికేది ఎనిమిది గంటలు, మహా అయితే తొమ్మిది. క్రూజ్ కంపెనీలు షోర్ ఎక్స్‌కర్షన్ అని పిలిచే ఆ కాస్త వ్యవధిలోనే ఇటలీ తీరపు పల్లెలు చూసి రావాలి. శతాబ్దాలుగా కొండ అంచుల్లో బతుకుతున్న ఊళ్లకు ఒక్క పూట!

స్టేషన్‌లో రైలెక్కితే పది నిమిషాల్లోపే రియోమజ్జోరే వస్తుంది. ఆ తర్వాత వరసగా మనరోలా, కోర్నీలియా, వెర్నాజ్జా, మోంటెరోస్సో. ఈ ఐదు ఊళ్లకీ కలిపి చింక్వె టెర్రె అని పేరు. 1997లో యునెస్కో వారసత్వ జాబితాలోకి ఎక్కాయి. 1999లో ఈ ప్రాంతం జాతీయ పార్కు అయింది. ఊళ్లన్నిటిలో కలిపి కాపురం ఉండేవాళ్లు నాలుగు వేలలోపే. చూడటానికి వచ్చేవాళ్లు మాత్రం ఏటా లక్షల్లో ఉంటారు.

ఎక్కువ టూర్లు ఐదూ చూపిస్తామంటాయి. రైలు దిగడం, రంగురంగుల ఇళ్ల ముందు ఫొటో, మళ్లీ ప్లాట్‌ఫాం మీదికి పరుగు. ఆ పరుగులో ఊరి వెనకున్న కొండ వైపు తల తిప్పే తీరిక ఎవరికీ ఉండదు. అసలు చూడాల్సింది ఆ కొండనే. అడుగు నుంచి శిఖరం దాకా మెట్లుమెట్లుగా చిన్న చిన్న మడులు. ఒక్కో మడిని నిలబెట్టేది సున్నం, సిమెంటు లేకుండా రాయి మీద రాయి పేర్చిన గోడ. దాదాపు వెయ్యేళ్లుగా తరతరాల రైతులు వీపున రాళ్లు, బుట్టల్లో మట్టి మోసి ఈ కొండను సాగులోకి తెచ్చారు. ఇలాంటి రాతి గోడల పనితనానికి 2018లో యునెస్కో విడిగా గుర్తింపు ఇచ్చింది. ఆ మడుల్లో పండే ద్రాక్షను ఆరబెట్టి షక్కెత్రా అనే తియ్యటి వైన్ చేస్తారు. ఇప్పటికీ ట్రాక్టరు ఎక్కలేని వాలు అది. కోతల కాలంలో ద్రాక్ష బుట్టలను ఒంటి పట్టా మీద నడిచే చిన్న బండ్లు దింపుతాయి.

1874లో జెనోవా, లా స్పెజియాల మధ్య రైలు మార్గం పూర్తయ్యేదాకా ఈ పల్లెలకు పడవో, కంచర గాడిదల బాటో తప్ప దారి లేదు. సొరంగాలు తొలుచుకుంటూ వచ్చిన ఆ రైలే ఊరి మగవాళ్లను లా స్పెజియా నౌకా కర్మాగారంలో జీతాలకు తీసుకెళ్లింది. మడులు పాడుపడటం అలా మొదలైంది. తర్వాతి కాలంలో యాత్రికులను మోసుకొచ్చిందీ అదే రైలు.

గోడ ఒకచోట కూలితే పైనున్న మట్టికి పట్టు తప్పుతుంది. 2011 అక్టోబరు 25న ఆ ప్రాంతంలో కొన్నిచోట్ల ఒక్కరోజులోనే 500 మిల్లీమీటర్లకు పైగా వాన పడింది. కొండ మీది మట్టి, రాళ్లు వెర్నాజ్జా ప్రధాన వీధిలోకి దూసుకొచ్చి ఇళ్ల కింది అంతస్తులను పూడ్చేశాయి. ఆ ఊళ్లో ముగ్గురు చనిపోయారు. ఇవాళ ఐస్‌క్రీం పట్టుకుని యాత్రికులు తిరిగే వీధి అదే. మరుసటి ఏడాది రియోమజ్జోరే, మనరోలా మధ్య సముద్రం పక్కగా సాగే వియా దెల్ అమోరే కాలిబాట మీద కొండచరియ విరిగి యాత్రికులు గాయపడ్డారు. కిలోమీటరు కూడా లేని ఆ బాటను మళ్లీ తెరవడానికి 2024 దాకా పట్టింది. ఇప్పుడు ముందే సమయం బుక్ చేసుకున్నవాళ్లనే నడవనిస్తున్నారు. కొండబాటల్లో హవాయి చెప్పులతో నడిస్తే జరిమానా వేస్తామని పార్కు అధికారులు 2019లోనే హెచ్చరించారు. ఇది మనవాళ్లు తప్పక గుర్తుంచుకోవాల్సిన మాట.

కాబట్టి ఒక్క ఊరు ఎంచుకోవడమే మేలు. కాళ్లు బాగుంటే రెండు. కోర్నీలియా సముద్రానికి సుమారు వంద మీటర్ల ఎత్తున ఉంటుంది, స్టేషన్ నుంచి దాదాపు 380 మెట్లెక్కాలి. చిన్న బస్సు ఉన్నా రద్దీ వేళల్లో దాన్ని నమ్ముకోలేం. అమ్మానాన్నలను వెంటబెట్టుకుని వెళ్లేవాళ్లకు మోంటెరోస్సో హాయి. నేల చదును, ఇసుక తీరం ఉంది. కవి యూజేనియో మోంతాలే చిన్నప్పటి వేసవులు గడిపింది ఈ ఊళ్లోనే. 1975లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది. ఉప్పులో ఊరబెట్టిన ఇక్కడి నెత్తళ్లకు ఇటలీ అంతటా పేరు. మాంసం, గుడ్డు ముట్టనివాళ్లు ఫరినాతా అడగాలి. శనగపిండి, నీళ్లు, ఆలివ్ నూనె, ఉప్పు కలిపి వెడల్పాటి పళ్లెంలో పోసి పొయ్యిలో కాల్చేది. మన శనగపిండి అట్టు మందంగా పోసినట్టుంటుంది. తులసి జాతి ఆకులతో నూరే పెస్తో పచ్చడిలో జున్ను పడుతుంది, ఆ జున్ను తయారీకి దూడ కడుపులోని పదార్థం వాడతారు. పట్టింపు ఉన్నవాళ్లు ముందే అడిగి తెలుసుకోవాలి.

ఢిల్లీ లక్ష్మీనగర్‌లో ఉండే తెలుగు కుటుంబానికి ఈ ప్రయాణం షెంగెన్ వీసాతో మొదలవుతుంది. కాగితాల దగ్గరే జాగ్రత్త కావాలి. ఎక్కువ రోజులు ఏ దేశంలో గడిపితే ఆ దేశం వీసాకే దరఖాస్తు చేయాలి. 2024 జూన్ నుంచి పెద్దవాళ్లకు రుసుము 90 యూరోలు. కనీసం 30 వేల యూరోల వైద్య బీమా ఉండాలి. ఓడ మధ్యలో ట్యునీషియాకో, టర్కీకో వెళ్లి తిరిగొస్తుంటే ఒకసారి ప్రవేశానికి ఇచ్చే వీసా చాలదు. ఇంకో సంగతి. ఓడ కంపెనీ టూరులో వెళ్లి ఆలస్యమైతే ఓడ సాధారణంగా ఆగుతుంది. సొంతంగా వెళ్లినవాళ్ల కోసం ఆగదు.

లక్ష్మీనగర్ వీధుల నిండా సీఏ కోచింగ్ బోర్డులే. ఆ గదుల్లో రోజంతా రాసే డెబిట్, క్రెడిట్‌ల జంట పద్దుకు ఇప్పటిదాకా తెలిసిన పాత పూర్తి నమూనాల్లో ఒకటి ఈ తీరానిదే. 1340 నాటి జెనోవా నగర ఖాతా పుస్తకాలవి. మిరియాల వ్యాపారం లెక్క కూడా వాటిలో ఉంది. చింక్వె టెర్రె పల్లెలు అప్పటికే జెనోవా ఏలుబడిలో ఉన్నాయి.

ఓడకూ పల్లెకూ ఉన్న బంధం అన్నిసార్లూ వినోదం కాదు. 2012 జనవరి 13 రాత్రి కోస్టా కాంకోర్డియా క్రూజ్ ఓడ ఇటలీలోని జీల్యో దీవి దగ్గర బండకు కొట్టుకుని ఒరిగిపోయింది. అందులో దాదాపు 4,200 మంది ఉన్నారు. వణుకుతూ ఒడ్డుకు చేరినవాళ్లు ఆ దీవి జనాభా కంటే చాలా ఎక్కువ. ఊరివాళ్లు చర్చి తలుపులు, ఇళ్ల తలుపులు తెరిచి దుప్పట్లు కప్పారు. 32 మంది మరణించారు. సిబ్బందిలో రెండు వందల మందికి పైగా భారతీయులే. అందరికంటే ఆఖరున, 2014లో దొరికినవి ముంబయికి చెందిన ఒక వెయిటర్ అవశేషాలు. డెక్ మీద కూర్చుని కాఫీ తాగేటప్పుడు, కప్పు అందించే చేతిని కూడా ఒకసారి చూడాలి.

మన తెలుగు తీరం గురించి యూరప్ చదువుకున్న పాత వివరాల్లో కొన్ని కూడా జెనోవాలో రాసినవే. యుద్ధంలో పట్టుబడ్డ వెనిస్ వర్తకుడు మార్కో పోలో 1298 ప్రాంతంలో జెనోవా చెరలో ఉండి, పీసా వాసి రుస్తికెల్లోకు తన యాత్రలు చెప్పి రాయించాడు. మోటుపల్లి రాజ్యం, దాన్ని ఏలే రాణి, వజ్రాలు, సన్నటి నూలుబట్టలు అన్నీ అందులో ఉన్నాయి. ఆ రాణి రుద్రమదేవి అని చరిత్రకారుల మాట. అంతకుముందే 1244-45లో ఆమె తండ్రి గణపతిదేవుడు మోటుపల్లిలో అభయ శాసనం వేయించాడు. గాలివానకు దెబ్బతిని ఒడ్డుకు చేరిన ఓడల సరుకును పాత రాజులు లాక్కునేవారు. తాను నిర్ణీత సుంకం తప్ప ఏదీ తీసుకోనని ఆయన సముద్ర వర్తకులకు మాట ఇచ్చాడు.

విశాఖకు 2022 జూన్‌లో ఎంప్రెస్ క్రూజ్ ఓడ వచ్చింది. 2023 సెప్టెంబరులో అక్కడ అంతర్జాతీయ క్రూజ్ టెర్మినల్ ప్రారంభమైంది. రేపు ఆ రేవులో దిగే పరదేశీయులకూ ఇలాగే ఒక్క పూటే ఉంటుంది. వాళ్లను ఐదారు చోట్లకు తిప్పడం కంటే భీమిలికి తీసుకెళ్లడం మంచిది. పాతిక, ముప్ఫై కిలోమీటర్ల దూరం. 1861లోనే మునిసిపాలిటీ అయిన ఊరు. డచ్చివాళ్ల సమాధులున్నాయి, దీపస్తంభం ఉంది, ఒడ్డున వలలు బాగుచేసుకునే జాలర్లున్నారు. విశాఖ రేవు నుంచి బయల్దేరే టూరు బస్సు అక్కడ కనీసం రెండు గంటలు ఆగాలి.