జెన్నే: ఊరంతా కలిసి ఏటేటా నిలబెట్టుకునే మస్జిదు

పశ్చిమ ఆఫ్రికాలోని మాలీ దేశంలో, బానీ నది సమీపాన జెన్నే అనే చిన్న పట్టణం ఉంది. వరదల కాలంలో చుట్టూ నీళ్లు చేరి ఊరు దీవిలా మారుతుంది. దీనికి సుమారు 3 కిలోమీటర్ల దూరంలో తవ్వకాల్లో బయటపడిన పాత ఊరు క్రీ.పూ. 250 ప్రాంతం నాటిది. ఒకప్పుడు సహారా ఎడారి ఉప్పు, దక్షిణాది బంగారం ఈ సంతలో చేతులు మారేవి. వర్తకుల వెంట ఇస్లామ్ ధర్మం కూడా ఇక్కడికి చేరింది.

17వ శతాబ్దంలో అబ్దుర్రహ్మాన్ అస్‌సాదీ అరబీలో రాసిన 'తారీఖ్ అస్‌సూదాన్' గ్రంథం ఒక ముచ్చట చెబుతుంది. జెన్నే పాలకుడు కోయి కొన్‌బోరో ఉలమాలందరినీ పిలిపించి, వారి సమక్షంలో ఇస్లామ్ స్వీకరించాడు. తన పట్టణం కోసం మూడు దుఆలు చేయమని వారిని కోరాడు. పేదరికంతో సొంత ఊరు వదిలి వచ్చినవారికి ఇక్కడ కలిమి దొరకాలి. స్థానికుల కంటే పరాయివారే ఎక్కువగా ఉండాలి. బయటి వర్తకులు తమ సరుకును చౌకగా అమ్మి వెళ్లాలి, దానివల్ల ఊరివారికి మేలు జరగాలి. ఆ తర్వాత తన భవనాన్ని పడగొట్టించి, ఆ చోట మస్జిదు కట్టించాడు.

అది మట్టి కట్టడం. 19వ శతాబ్దంలో ఆలనాపాలనా కరువై, వానలకు కరిగి శిథిలమైంది. ఇప్పుడున్న మస్జిదు ఫ్రెంచివారి పాలనలో, 1907లో పూర్తయింది. పనిని నడిపించినవాడు ఊరి మేస్త్రీల సంఘం పెద్ద ఇస్మాయిలా త్రావొరే. ఇదీ ఎండలో ఆరిన పచ్చి ఇటుకలతో, మట్టి పూతతో కట్టినదే. ప్రతి వానాకాలం దాన్ని కొంత కరిగిస్తుంది.

అందుకే వానలకు ముందు, ఏటా ఒక రోజు ఊరంతా కదులుతుంది. ఊక కలిపి నానబెట్టిన మట్టిని యువకులు బుట్టల్లో మోసుకొస్తారు. స్త్రీలు నీళ్లు తెస్తారు. గోడల్లోంచి బయటికి పొడుచుకొచ్చిన తాటి దుంగలపై నిలబడి మేస్త్రీలు పూత వేస్తారు. అనుభవజ్ఞులైన పెద్దలు దగ్గర కూర్చుని గమనిస్తారు.

యునెస్కో ఈ పట్టణాన్ని 1988లో ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించింది. దేశంలోని అశాంతి కారణంగా 2016లో ప్రమాదంలో ఉన్న వారసత్వాల జాబితాలో చేర్చింది.

దాతలారా! కొత్త కట్టడానికి చందా ఇవ్వడానికి చేతులు త్వరగా ముందుకొస్తాయి. కారుతున్న బడి పైకప్పుకో, పాడైన బోరింగుకో అడిగితే వెనకాడతాం. ఎంత పెద్ద సదఖా జారియా అయినా బాగోగులు చూసేవారు ఉన్నంతవరకే ప్రజలకు ఉపయోగపడుతుంది. బుట్టెడు మట్టి మోసినవాడి వాటా కూడా జెన్నే మస్జిదులో ఉంది. ఏటేటా చిన్న మొత్తం ఇచ్చే దాత వాటా కూడా అలాంటిదే.