మధుమేహంలో బత్తాయి: రసం కంటే తొనలే మేలు

నల్గొండ, అనంతపురం ప్రాంతాలలో విస్తారంగా సాగయ్యే బత్తాయిని రాయలసీమలో చీనీ అని వ్యవహరిస్తారు. రోగులను పరామర్శించడానికి వెళ్లేవారు తీసుకువెళ్లే పండ్లలో ఇది ముఖ్యమైనది. అయితే మధుమేహం ఉన్నవారిలో కొందరు తీపికి భయపడి ఈ పండును పూర్తిగా మానివేస్తారు. మరికొందరు బలమని భావించి గ్లాసుల కొద్దీ రసం త్రాగుతారు. ఈ రెండూ సరైన పద్ధతులు కావు.

పండులో ఏముంది?

తీపి నారింజ వర్గానికి చెందిన పండ్లలో 100 గ్రాముల తొనలకు సుమారు 9 గ్రాముల చక్కెరలు, 2 గ్రాములకు పైగా పీచుపదార్థం, 50 మిల్లీగ్రాముల వరకు విటమిన్ సి ఉంటాయి. తొనల పొరలలోను, వాటిని అంటుకొని ఉండే తెల్లని భాగంలోను పెక్టిన్ అనే కరిగే పీచు ఉంటుంది. ఇది నీటిని పీల్చుకొని జిగురుగా మారి, చక్కెర ప్రేగుల నుండి రక్తంలోకి చేరే వేగాన్ని తగ్గిస్తుంది. అందువల్లనే నారింజను తక్కువ గ్లైసీమిక్ సూచిక (55 లేదా అంతకంటే తక్కువ) గల ఆహారంగా పరిగణిస్తారు.

రసంతో చిక్కు

200 మిల్లీలీటర్ల రసానికి సాధారణంగా మూడు, నాలుగు పండ్లు అవసరమవుతాయి. వడకట్టినప్పుడు పీచులో అధికభాగం పిప్పితో పోయి, సుమారు 17 గ్రాముల చక్కెర మాత్రం గ్లాసులో మిగులుతుంది. దీనికి రెండు చెంచాల పంచదార కలిపితే మరో 10 గ్రాములు చేరుతుంది. అయితే రక్తంలో చక్కెర 70 మి.గ్రా./డె.లీ. కంటే తగ్గి చెమట, వణుకు కలిగినప్పుడు ఇదే రసం ఔషధంలా పనిచేస్తుంది. అటువంటి సమయంలో స్పృహలో ఉన్నవారికి సుమారు 150 మిల్లీలీటర్లు ఇచ్చి, 15 నిమిషాల తరువాత మరల పరీక్షించాలి.

పాటించవలసిన జాగ్రత్తలు

• ఒకసారికి మధ్యస్థ పరిమాణం గల ఒక పండును పొరలతో సహా నమిలి తినాలి.
• అన్నం తిన్న వెంటనే కాక, రెండు భోజనాల మధ్య తీసుకోవాలి. కొద్దిపాటి వేరుశనగలు లేదా ఉడికించిన శనగలు తోడైతే మంచిది.
• తిన్న రెండు గంటల తరువాత గ్లూకోమీటరుతో పరీక్షించుకుంటే తమకు తగిన పరిమాణం తెలుస్తుంది.
• నిమ్మరసంలో చక్కెర స్వల్పం. పంచదార కలపకుండా మజ్జిగలోనో, నీటిలోనో వాడుకోవచ్చు.
• కొలెస్ట్రాల్ తగ్గించే కొన్ని మందులు వాడేవారు పంపరపనస, గ్రేప్‌ఫ్రూట్ తినేముందు వైద్యుని సంప్రదించాలి. ఇవి మందు ప్రభావాన్ని ప్రమాదకరంగా పెంచగలవు.
• మూత్రపిండాల వ్యాధి ఉన్నవారు పొటాషియం దృష్ట్యా పండ్ల పరిమాణాన్ని వైద్యుని సలహాపై నిర్ణయించుకోవాలి.

పండును మానవలసిన అవసరం లేదు. దానిని పండుగానే తినడం, మితం పాటించడం ముఖ్యం.