ఒక రైతు కలకు రెక్కలు

విమానమంటే మనకు వందలమందిని మోసుకుపోయే పెద్ద విమానమే గుర్తుకొస్తుంది. కాని తల్లి, తండ్రి, ఇద్దరు పిల్లలు కారులో కూర్చున్నట్లు కూర్చుని ప్రయాణం చేయగల చిన్న విమానం ఒకటున్నది. దాని పేరు సెస్నా 172. ఇవి ఇప్పటికి 44,000కు పైగా తయారయ్యాయి. లోకంలో మరే విమానమూ ఇన్ని తయారుకాలేదు.

ఆ పేరు ఒక రైతుబిడ్డది. క్లైడ్ సెస్నా అమెరికాలోని కాన్సాస్ రాష్ట్రంలో పొలాల మధ్య పెరిగాడు. సేద్యపు యంత్రాలు బాగుచేయడంలో నేర్పరి. 1911లో ఓక్లహోమాలోని ఉప్పు మైదానంలో తన విమానాన్ని ఎగిరించబోయి ఎన్నోసార్లు పడ్డాడు, గాయపడ్డాడు. అయినా విడువలేదు. ఆ ఏడాది చివరకు ఎగిరి, బయలుదేరిన చోటనే క్షేమంగా దిగాడు. 1927లో విచిటా పట్టణంలో కంపెనీ పెట్టాడు. ఆర్థిక మాంద్యంలో అది మూతపడితే, 1934లో మేనల్లుడు డ్వేన్ వాలెస్ మళ్ళీ తెరిపించాడు.

1948లో ఆ కంపెనీ నలుగురు కూర్చునే సెస్నా 170ను తెచ్చింది. దానికి ముందు రెండు చక్రాలు, తోక క్రింద ఒక చిన్న చక్రం. చిక్కంతా దిగేటప్పుడే. బండిని ముందునుండి లాగితే సూటిగా వస్తుంది. వెనుకనుండి నెడితే ప్రక్కకు తిరిగిపోతుంది గదా! ఈ విమానంలో బరువు పెద్ద చక్రాలకు వెనుక ఉండేది. నేలమీద కొంచెం వంకరపోతే చాలు, వెనుకనున్న బరువు దాన్ని గిర్రున తిప్పివేసేది. క్రొత్తగా నేర్చుకునేవారికి ఇది పెద్ద గండం.

ఇంజనీర్లు తోక చక్రాన్ని తీసి ముక్కు క్రింద పెట్టారు. పెద్ద చక్రాలను బరువుకు వెనుకకు జరిపారు. అంతే, విమానం తనంతట తానే సూటిగా పోసాగింది. ఎదుటి దారి కూడా చక్కగా కనబడింది. ఇదే సెస్నా 172. 145 గుర్రపు శక్తి గల ఇంజనుతో 1955 జూన్‌లో మొదటిసారి ఎగిరింది, 1956లో అమ్మకానికి వచ్చింది. కాని క్లైడ్ సెస్నా దాన్ని చూడలేదు. 1954 నవంబరులోనే కన్నుమూశాడు.

దాని గట్టిదనానికి ఒక సాక్ష్యం వినండి. 1958 డిసెంబరు 4న రాబర్ట్ టిమ్, జాన్ కుక్ అనే ఇద్దరు లాస్ వెగాస్‌లో బయలుదేరి, 1959 ఫిబ్రవరి 7 వరకు నేలమీద దిగలేదు. దాదాపు 65 రోజులు! రోడ్డుమీద పరుగెత్తే లారీ నుండి గొట్టంతో పెట్రోలు, త్రాడుతో భోజనం పైకి అందుకునేవారు.

తరువాత కష్టకాలం వచ్చింది. ఎన్నో ఏండ్ల క్రితం అమ్మిన విమానాలకు ప్రమాదం జరిగినా, తయారుచేసినవారిమీదే దావాలు పడేవి. ఆ ఖర్చులు భరించలేక కంపెనీ 1986లో 172ను ఆపివేసింది. 18 ఏండ్లు దాటిన విమానాల విషయంలో ఆ బాధ్యతను తగ్గిస్తూ 1994లో అమెరికా చట్టం చేసింది. 1996లో తయారీ మళ్ళీ మొదలైంది.

నేడు మన దేశపు విమాన శిక్షణ పాఠశాలల్లో ఎందరో యువతీ యువకులు మొదటిసారి ఎగిరేది ఈ విమానంలోనే. వారు వణికే చేతులతో దిగినప్పుడు దాన్ని సూటిగా నిలిపేది బరువుకు వెనుక ఉన్న ఆ పెద్ద చక్రాలే. బలమైన ఇంజను కంటె, చక్రాన్ని ఉండవలసిన చోట ఉంచిన ఆలోచనే ఎక్కువమందిని క్షేమంగా ఇంటికి చేర్చింది.