ఖురాను దైవగ్రంథమని ముస్లిములు ఎందుకు నమ్ముతారు?

మన పొరుగున ఉన్న ముస్లిములు ఖురాను దేవుని మాటే అంటారు. ఎందుకని? అది తెలుసుకోకుండా జవాబు చెప్పబోవడం న్యాయం కాదు.

మొదటి కారణం ఖురానులోనే ఉన్న ఒక సవాలు. సందేహించేవారు ఇలాంటి ఒక్క సూరా అయినా రచించి తెమ్మని 2:23 అడుగుతుంది. మనుష్యులు, జిన్నులు ఏకమైనా అది తమవల్ల కాదని 17:88 చెబుతుంది. 108వ సూరాలో ఉన్నవి 3 వచనాలే! దానికి కూడా సాటి రాలేదని వారి వాదన. దీనినే 'ఇజాజ్' అంటారు. 1013లో మరణించిన బాఖిల్లానీ దీనిమీద ఒక గ్రంథమే వ్రాశాడు.

రెండవది, చదవను వ్రాయను రాని ప్రవక్త దీనిని సొంతగా కూర్చలేడని. మూడవది, ఇది దేవునిది కాకపోతే ఇందులో ఎన్నో వైరుధ్యాలు కనబడేవని (4:82).

మరి మనమేమి చెప్పాలి? భాషా సౌందర్యాన్ని తూచే త్రాసు ఏది? 9వ శతాబ్దపు ముస్లిము పండితుడు నజ్జామ్, అరబ్బులకు ఆ శక్తి ఉన్నా దేవుడే వారిని ఆపాడన్నాడు. ఎక్కువమంది పండితులు దానిని అంగీకరించలేదు. అంటే, అద్భుతం ఎక్కడుందన్నది వారి మధ్యనే చర్చ అయింది.

మన క్రొత్త నిబంధన సామాన్యుల గ్రీకులో వ్రాయబడింది. మన విశ్వాసానికి ఆధారం భాషా సొగసు కాదు, సిలువవేయబడి తిరిగి లేచిన క్రీస్తు. కాబట్టి ప్రియులారా, ముందు వారి మాట వినండి. తరువాత 1 పేతురు 3:15 నేర్పినట్లు సాత్వికముతో జవాబు చెప్పండి. పొరుగువాని నమ్మకాన్ని వక్రీకరించి చెబితే అది అబద్ధ సాక్ష్యమే.