బతుకమ్మ ఆడే అమ్మకి ఫోకస్ ఎట్లా?

పోయిన సద్దుల బతుకమ్మకి రామకృష్ణాపూర్‌లో అమ్మ ఆడుతుంటే నలభై ఫోటోలు తీసిన. అన్నిట్లో అమ్మ మసకే! తప్పు కెమెరాది కాదు, నాదే. సింగిల్ ఫోకస్‌లో బటన్ సగం నొక్కగానే దూరం లాక్ అయిపోతుంది. తర్వాత అమ్మ రెండడుగులు వేసినా దానికి తెల్వదు.

కదిలేవాళ్లకి కంటిన్యువస్ మోడ్ కావాలి. నికాన్, సోనీలో ఏఎఫ్-సి, కెనాన్‌లో సర్వో. బటన్ సగం నొక్కి ఉంచినంతసేపూ కెమెరా దూరం కొలుస్తూ, ఫోటో పడే క్షణానికి మనిషి ఎక్కడుంటుందో అంచనా వేస్తుంది. ట్రాకింగ్ పెడితే ఫోకస్ పాయింట్ కూడా ఆమె వెంటే తిరుగుతుంది.

వలయంలో ఎవరో ఒకరు అడ్డొస్తూనే ఉంటారు. ఫోకస్ వాళ్లమీదికి దూకకుండా ట్రాకింగ్ సెన్సిటివిటీ తగ్గించుకోండి. చీకటైనా షటర్ 1/250 కంటే తగ్గొద్దు, ఐఎస్ఓ పెంచండి. మసక కంటే నాయిసే నయం.

"నా ఫోటో ఏదిరా?" అని అమ్మ అడిగితే ఈసారైనా ఒకటి చూపించాలి కదా!